ఇంట్లో తయారయ్యే చదువుల ఆట



పరీక్షలు దగ్గర పడేసరికి మన ఇండ్లలో ఒక మాట తరచుగా వినబడుతుంది: "ఎప్పుడూ ఆటలేనా? కాస్త పుస్తకం తియ్యి!" ఆట ఒక గట్టున, చదువు మరొక గట్టున ఉన్నట్లు మనం మాట్లాడుతాము. కాని మన అమ్మమ్మలు లెక్కలు నేర్చినది చింతగింజలతో, గవ్వలతో కాదా? వామనగుంటలు ఆడిన పిల్లకు గింజలు పంచుట, కలుపుట, మిగిలినవి లెక్కించుట ఎవరూ వేరుగా నేర్పలేదు. ఆట ద్వారా చదువు చెప్పుట మనకు కొత్త కాదు. సాధనం మాత్రమే కొత్తది. ఆ సాధనం కంప్యూటర్.

కంప్యూటర్ ఆటలు అనగానే చాలామంది తల్లిదండ్రులు భయపడతారు. ఆ భయానికి కారణం లేకపోలేదు. బిడ్డ కన్ను తెర మీద నుండి కదలకుండా చేయుటకే తయారైన ఆటలు ఎన్నో ఉన్నాయి. మధ్యమధ్య ప్రకటనలు వస్తాయి, డబ్బు కట్టమని అడుగుతాయి. అయితే ఈ పాఠంలో మనం మాట్లాడుకొనేది కొనే ఆట గురించి కాదు, మనమే తయారుచేసే ఆట గురించి. కంప్యూటర్ చదువు చదవని తల్లి గాని, తండ్రి గాని, పదవ తరగతి చదువుతున్న అన్న గాని, అక్క గాని రెండు మూడు సాయంత్రాలలో ఒక చిన్న చదువుల ఆట తయారు చేయవచ్చును. ఎలాగో చూద్దాం.

మనమే ఎందుకు చేయాలి?

బజారులో దొరికే ఆట అందరి పిల్లల కోసం తయారైనది. మీ బిడ్డ ఎక్కడ తడబడుతున్నదో దానిని చేసినవారికి తెలియదు. మీకు తెలుసు. రెండవ ఎక్కం, అయిదవ ఎక్కం గడగడా చెప్పే బాబు ఏడవ ఎక్కం దగ్గర ఎందుకు ఆగిపోతున్నాడో, 'మ' అక్షరాన్ని 'య' అని పాప ఎందుకు చదువుతున్నదో ప్రక్కన కూర్చున్న మీరే గమనిస్తారు. ఆ ఒక్క తడబాటుకు మందుగా ఒక ఆట చేయుట మీకే సాధ్యం.

రెండవ కారణం ఇంకా ముఖ్యమైనది. లెక్కలు రాని పిల్లవానికి లెక్కల కంటే ముందుగా వచ్చేది సిగ్గు. తరగతిలో అందరి ముందు నిలబడి తప్పు చెప్పినప్పుడు నవ్విన నవ్వులు వానికి గుర్తుంటాయి. తరువాత తెలిసిన జవాబు కూడా నోట రాదు. "నాకు లెక్కలు రావు" అని తానే తీర్మానించుకొంటాడు. ఒక్కసారి ఆ మాట మనసులో పాతుకొన్నదంటే తీసివేయుట చాలా కష్టం. మీరు చేసిన ఆట వానిని చూసి నవ్వదు, విసుక్కోదు, పక్కింటి పిల్లవానితో పోల్చదు. పదిసార్లు తప్పు చెప్పినా పదకొండవసారి అదే ఓర్పుతో అడుగుతుంది. అయితే ఆ ఓర్పు యంత్రంలో తనంతట తాను పుట్టదు. దానిని తయారుచేసినవారు పెడితేనే ఉంటుంది.

ఒక ఉపాధ్యాయుని ఉదాహరణ

చదువుల ఆటల చరిత్రలో ఎంతో పేరు పొందిన 'ఆరెగన్ ట్రెయిల్' కూడా ఇలాంటి సొంత తయారీయే. 1971వ సంవత్సరంలో అమెరికాలోని మినియాపోలిస్ నగరంలో డాన్ రావిచ్ అనే యువకుడు ఉపాధ్యాయ శిక్షణలో భాగంగా ఎనిమిదవ తరగతికి చరిత్ర పాఠం చెప్పవలసి వచ్చింది. 19వ శతాబ్దంలో ఎడ్లబండ్ల మీద మిస్సోరీ నుండి ఆరెగన్ వరకు సుమారు 3,200 కిలోమీటర్లు వలసపోయిన కుటుంబాలను గూర్చిన పాఠం అది. పటం, పాచికలతో ఆడే ఒక ఆటగా దానిని చెప్పాలని ఆయన ఆలోచన. ఆయనతో ఒకే ఇంట్లో ఉంటున్న బిల్ హైనెమన్, పాల్ డిలెన్‌బర్గర్ అనే ఇద్దరు లెక్కల ఉపాధ్యాయ శిక్షణార్థులకు ప్రోగ్రామ్ రాయుట తెలుసు. దీనిని కంప్యూటర్ మీద చేద్దామని వారు అన్నారు. సుమారు రెండు వారాలలో ముగ్గురూ కలిసి బేసిక్ భాషలో ఆ ఆటను సిద్ధం చేశారు.

అప్పుడు వారి వద్ద తెర కూడా లేదు! టైపు మిషను వంటి టెలిటైప్ యంత్రం టెలిఫోను తీగ ద్వారా దూరాన ఉన్న కంప్యూటర్‌తో కలపబడి ఉండేది. బొమ్మలు లేవు, రంగులు లేవు. ప్రశ్నలు, జవాబులు కాగితం మీద అచ్చు అయ్యేవి. ఉన్న డబ్బులో ఎడ్లకు ఎంత, తిండికి ఎంత, బట్టలకు ఎంత, తుపాకీ గుళ్లకు ఎంత అని పిల్లలు నిర్ణయించాలి. తప్పుగా నిర్ణయిస్తే దారిలో తిండి చాలదు, జబ్బు వస్తుంది. అయినా పిల్లలు ఆ యంత్రం చుట్టూ గుమిగూడారు.

1974లో రావిచ్ మిన్నెసోటా రాష్ట్రపు విద్యా కంప్యూటర్ సంస్థలో చేరి ఆ ఆటను మళ్లీ కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. అంతటితో ఆగక, ఆనాటి ప్రయాణికులు రాసుకొన్న దినచర్య పుస్తకాలను చదివి, దారిలో ఏ ఆపద ఎంత తరచుగా వచ్చేదో తెలుసుకొని ఆటను సరిదిద్దాడు. ఆ తరువాత అది అమెరికాలోని ఎన్నో పాఠశాలలకు చేరింది.

దీనినుండి మనం నేర్చుకోదగినవి మూడు. ఒకటి, ఆట పుట్టినది యంత్రం నుండి కాదు, పాఠం నుండి. రెండు, సాధనం చిన్నదైనా ఫరవాలేదు. మూడు, ఒకసారి చేసిన ఆటను మరల మరల సరిదిద్దాలి.

మూల సూత్రం

ఆటలో బిడ్డ చేసే పని, పాఠంలో నేర్వవలసిన పని రెండూ ఒకటే కావాలి.

ఉదాహరణకు, బెలూన్లను కాల్చే ఆట ఒకటి ఉన్నదనుకొందాం. అయిదు బెలూన్లు కాల్చిన తరువాత ఒక లెక్క అడుగుతుంది. బిడ్డ దృష్టి ఎక్కడ ఉంటుంది? బెలూన్ల మీదనే. లెక్క దారికి అడ్డువచ్చిన రాయి వంటిది. ఏదో ఒక జవాబు నొక్కి దానిని దాటిపోవాలని చూస్తాడు. ఆరెగన్ ఆటలో అలా కాదు. డబ్బు పంచుటే ఆట, డబ్బు పంచుటే పాఠం. మీరు ఆట చేయబోయే ముందు "దీనిలో గెలవాలంటే నా బిడ్డ ఏమి ఆలోచించాలి?" అని ప్రశ్నించుకోండి. దానికి జవాబు పాఠమే అయితే ముందుకు వెళ్లండి.

సాధనం

ఇందుకు అనువైన ఉచిత ప్రోగ్రామ్ 'స్క్రాచ్'. అమెరికాలోని ఎం.ఐ.టి. మీడియా లాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం దీనిని తయారుచేసి 2007లో అందరికీ విడుదల చేసింది. దీనిలో ఆజ్ఞలను అక్షరాలతో రాయనక్కరలేదు. రంగురంగుల దిమ్మెలుగా తెరమీద ఉంటాయి. మౌస్‌తో లాగి ఒకదాని క్రింద ఒకటి తగిలించాలి, పిల్లలు ప్లాస్టిక్ ముక్కలతో ఇల్లు కట్టినట్లు. కంప్యూటర్‌లో వేసుకొనే ప్రతిని ఒకసారి దించుకొంటే తరువాత ఇంటర్నెట్ అవసరం లేదు. దిమ్మెల పేర్లు ఇంగ్లీషులో ఉన్నా, ఆటలో కనబడే ప్రశ్నలు, జవాబులు తెలుగు లిపిలోనే టైపు చేయవచ్చును. ఫోను తెర మీద ఈ పని కష్టం. కీబోర్డు, మౌస్ ఉన్న కంప్యూటర్ ఉంటే మంచిది.

ఇంట్లో కంప్యూటర్ లేనివారు నిరాశపడనక్కరలేదు. విచారణలోని పాఠశాలలో కంప్యూటర్ గది ఉంటే పెద్దలను అడగండి. నాలుగైదు కుటుంబాలు కలిసి ఒకే యంత్రం మీద పని చేయవచ్చును.

ముందు కాగితం, తరువాత కంప్యూటర్

మన మొదటి ఆట ఎక్కాలకు సంబంధించినది. కంప్యూటర్ ముందు కూర్చునే ముందు ఒక తెల్లకాగితం తీసుకోండి.

ఒకటి నుండి పది వరకు ఎక్కాలలో మొత్తం 100 లెక్కలు ఉన్నాయి. చూడగానే బిడ్డకు గుండె జారిపోతుంది. కాని 7×8, 8×7 రెండింటికీ జవాబు ఒకటే కాబట్టి నిజంగా నేర్వవలసినవి 55 మాత్రమే. వాటిలో 1, 2, 5, 10 ఎక్కాలు పిల్లలకు సులువుగా వస్తాయి. అవి తీసివేస్తే మిగిలినవి 3, 4, 6, 7, 8, 9 అంకెల మధ్య లెక్కలు. అవి ఎన్ని? కేవలం 21! ఈ సంగతి మీ బిడ్డకు చెప్పండి. "వంద రావాలి" అన్న భయం "ఇరవై ఒకటి చాలు" అన్న ధైర్యంగా మారుతుంది. ఆ 21 లెక్కలను కాగితం మీద రాసి, బిడ్డకు వచ్చినవాటిని కొట్టివేయండి. మిగిలినవాటి కోసమే మన ఆట.

ఆట పేరు 'మామిడి బుట్ట' అనుకొందాం. కంప్యూటర్ పది లెక్కలు అడుగుతుంది. సరియైన ప్రతి జవాబుకు బుట్టలో ఒక పండు చేరుతుంది.

తయారుచేయు విధానం

1. స్క్రాచ్ తెరిచి ముదురు నారింజ రంగు 'వేరియబుల్స్' విభాగంలో మూడు పేర్లు సృష్టించండి: మొదటి, రెండవ, పళ్లు. వేరియబుల్ అనగా ఒక డబ్బా వంటిది. దానిలో కంప్యూటర్ ఒక అంకెను దాచి ఉంచుతుంది.

2. పసుపు రంగు విభాగం నుండి పచ్చజెండా బొమ్మ గల దిమ్మెను లాగి పెట్టండి. జెండా నొక్కగానే ఆట మొదలగును. దాని క్రింద 'పళ్లు' డబ్బాలో 0 ఉంచమనే 'సెట్' దిమ్మె తగిలించండి. ఇది మరచిపోతే నిన్నటి పళ్లు ఈనాటి బుట్టలో కనబడతాయి. కొత్తవారు తరచుగా చేసే పొరపాటు ఇదే.

3. నారింజ రంగు 'రిపీట్' దిమ్మె పెట్టి 10 అని రాయండి. ఇక మీదట పెట్టేవన్నీ దీని కడుపులోనే ఉండాలి.

4. 'మొదటి', 'రెండవ' డబ్బాలు రెండింటిలోనూ 3 నుండి 9 వరకు ఏదో ఒక అంకె పడునట్లు ఆకుపచ్చ రంగు 'పిక్ రాండమ్' దిమ్మె వాడండి. మధ్యలో 5 కూడా వస్తుంది, ఫరవాలేదు. కష్టమైన వాటి నడుమ ఒక సులువైన లెక్క వస్తే బిడ్డకు ఊపిరి తిరుగుతుంది.

5. లేత నీలం రంగు 'ఆస్క్' దిమ్మెతో ప్రశ్న అడగండి. 'జాయిన్' అనే ఆకుపచ్చ దిమ్మెలతో మొదటి అంకె, గుణకారపు గుర్తు, రెండవ అంకె, "ఎంత?" అనే మాట కలిపితే తెరమీద "7 × 8 ఎంత?" అని వస్తుంది. బిడ్డ జవాబును టైపు చేస్తాడు. నాలుగు జవాబులు చూపి ఒకటి నొక్కమంటే ఏమీ తెలియకున్నా నాలుగింటిలో ఒకసారి సరిపోతుంది. కావున టైపు చేయించుటే మేలు. జవాబు 56 అని మామూలు అంకెలలో ఉండాలి. తెలుగు అంకెలలో రాస్తే స్క్రాచ్ గుర్తించదు.

6. 'ఇఫ్–ఎల్స్' దిమ్మె పెట్టండి. బిడ్డ జవాబు, ఆ రెండు అంకెల గుణకారం సమానమైతే 'పళ్లు' డబ్బాలో 1 కలుపమని, "భేష్!" అని రెండు సెకండ్లు చూపమని పైభాగంలో చెప్పండి. సమానం కాకపోతే ఏమి చేయాలో క్రింది భాగంలో చెప్పాలి.

తప్పు చెప్పినప్పుడు ఏమనాలి?

ఈ ఆటలో అసలైన పాఠం ఆ క్రింది భాగంలోనే ఉన్నది. చాలా ఆటలు అక్కడ పెద్ద ఎర్ర గుర్తు వేసి, వికారమైన శబ్దం చేసి ఊరుకొంటాయి. దానివల్ల బిడ్డకు తాను తప్పు అని తెలుస్తుంది కాని, ఒప్పు ఎలా చేరుకోవాలో తెలియదు. సరియైన జవాబు వెంటనే చూపినా అంత ప్రయోజనం లేదు. చదివి మరచిపోతాడు.

మధ్యేమార్గం ఒకటి ఉన్నది. తెలిసిన మెట్టు నుండి తెలియని మెట్టుకు చేయి పట్టి ఎక్కించండి. 7×8 తప్పు చెప్పినప్పుడు కంప్యూటర్ ఇలా అనాలి: "7 × 7 = 49. దానికి ఇంకొక 7 కలిపి చూడు." ఇది చేయుట కష్టం కాదు. రెండవ అంకెలో నుండి 1 తీసివేసి, దానిని మొదటి అంకెతో గుణించమని ఆకుపచ్చ దిమ్మెలతో చెప్పి, 'జాయిన్' దిమ్మెలతో వాక్యంగా కూర్చండి. అయిదు సెకండ్లు చూపి, అదే ప్రశ్నను మరల అడగండి. ఈసారి సరిగా చెబితే పండు ఇవ్వండి. రెండవ ప్రయత్నంలో గెలిచిన పండు మొదటి ప్రయత్నపు పండు కంటే తక్కువది కాదని బిడ్డకు తెలియాలి. ఈసారి కూడా తప్పితే అప్పుడు "ఏడు ఎనిమిదులు యాభై ఆరు" అన్నట్లుగా పూర్తి లెక్కను చూపి, బిడ్డచేత పైకి చదివించి, తరువాతి ప్రశ్నకు వెళ్లండి.

గడియారం పెట్టకండి. ఎక్కం బాగా వచ్చిన తరువాత తొందర సరదాగా ఉంటుంది. రాకముందు పెట్టిన గడియారం భయాన్ని మాత్రమే నేర్పుతుంది.

ఆటను పరీక్షించుట

బిడ్డకు ఇచ్చే ముందు మీరే ఆడి చూడండి. కావాలని తప్పు జవాబు ఇవ్వండి. ఏమీ రాయకుండా మీట నొక్కండి. అంకెకు బదులు అక్షరం రాయండి. ఆట మధ్యలో పచ్చజెండా మరల నొక్కండి. అన్నిటికీ ఆట సరిగా జవాబిస్తున్నదా?

తరువాత బిడ్డను కూర్చోబెట్టి మీరు మౌనంగా గమనించండి. "అలా కాదు, ఇలా నొక్కు" అని చెప్పకండి. ఎక్కడ ఆగిపోతాడో అక్కడ దిద్దవలసినది మీ ఆటను, బిడ్డను కాదు.

పిల్లలే తయారుచేస్తే?

1967లో పిల్లల కోసం 'లోగో' అనే కంప్యూటర్ భాషను రూపొందించినవారిలో ఒకరైన సీమోర్ పాపర్ట్ ఒక గొప్ప విషయాన్ని గమనించారు. ప్రోగ్రామ్ రాసే పిల్లవాడు తప్పును వేరే విధంగా చూస్తాడు. "ఇది తప్పా, ఒప్పా?" అని కాక "దీనిని ఎలా బాగు చేయాలి?" అని ఆలోచిస్తాడు. స్క్రాచ్ కూడా ఆ బాటలో వచ్చినదే.

కాబట్టి మొదటి ఆట మీరు చేసినా, రెండవ ఆటలో బిడ్డకు భాగం ఇవ్వండి. మామిడిపండు బొమ్మను తానే గీయనివ్వండి. తరువాత, తమ్మునికో చెల్లెలికో ఒక ఆట చేయమని అడగండి. తప్పు చేసిన తమ్మునికి ఏ సూచన ఇవ్వాలా అని ఆలోచించే అక్క ఆ లెక్కను తమ్ముని కంటే లోతుగా నేర్చుకొంటుంది. ఇంకొకరికి నేర్పినవాడే రెండింతలు నేర్చుకొంటాడని ఏ ఉపాధ్యాయుని అడిగినా చెబుతారు.

మరి రెండు ఆటలు

అమ్మమ్మ గొంతు: స్క్రాచ్‌లో మైకు ద్వారా గొంతు రికార్డు చేసే వీలు ఉన్నది. మ–య, ప–ష, ద–ధ–థ వంటి పోలిక గల అక్షరాలను తెరమీద ఉంచండి. అమ్మమ్మ లేక నాయనమ్మ గొంతుతో ఒక్కొక్క అక్షరాన్ని రికార్డు చేయండి. గొంతు విని బిడ్డ సరియైన అక్షరాన్ని నొక్కాలి. ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లలకు, ఇతర రాష్ట్రాలలో, విదేశాలలో పెరుగుతున్న మన బిడ్డలకు ఇది మరింత ఉపయోగకరం. దూరాన ఉన్న అమ్మమ్మ ఫోనులో రికార్డు చేసి పంపినా చాలు. మాతృభాష అక్షరం మన ఇంటి గొంతులో వినుటకు, ముక్కూ మొహం తెలియని గొంతులో వినుటకు ఎంతో తేడా ఉన్నది.

స్లయిడ్ల ప్రశ్నావళి: ప్రోగ్రామ్ జోలికి పోలేనివారు పవర్ పాయింట్ గాని, ఉచితంగా దొరికే లిబ్రె ఆఫీస్ ఇంప్రెస్ గాని వాడవచ్చును. ఒక స్లయిడ్ మీద ప్రశ్న, క్రింద మూడు జవాబులు. ప్రతి జవాబును వేరొక స్లయిడ్‌కు లింకు చేయాలి. "గోదావరి ఎక్కడ పుట్టింది?" అనే ప్రశ్నకు మహాబలేశ్వరం నొక్కితే "అది కృష్ణానది పుట్టిన చోటు. గోదావరి ఇంకా ఉత్తరాన, నాసిక్ దగ్గర పుట్టింది. మళ్లీ చూడు" అనే స్లయిడ్ రావాలి. త్ర్యంబకేశ్వరం నొక్కితే తరువాతి ప్రశ్న. ఎక్కడ నొక్కినా స్లయిడ్ మారిపోకుండా, మౌస్ నొక్కుతో ముందుకు సాగే ఏర్పాటును ముందుగా తీసివేయండి.

కొన్ని జాగ్రత్తలు

ఆటను ఇంటర్నెట్‌లో పెట్టదలిస్తే బిడ్డ పూర్తి పేరు, ఫోటో, పాఠశాల పేరు, గొంతు పెట్టకండి. ఇంట్లో ఆడుకొనుటకు అవేవీ బయటకు వెళ్లనవసరం లేదు. ఇతరులు గీసిన బొమ్మలను అడగకుండా తీసుకొనుట సరికాదని పిల్లలకు ఈ సందర్భంలోనే చెప్పండి.

అన్నదమ్ముల పళ్లను గోడమీద రాసి పోల్చకండి. నిన్నటి తన పళ్లతో ఈనాటి తన పళ్లను పోల్చుకొంటే చాలును.

రోజుకు పదిహేను నిమిషాలు మించనివ్వకండి. ఆ తరువాత కంప్యూటర్ కట్టివేసి, అదే లెక్కను వంటింట్లో అడగండి: "ఆరుగురికి మనిషికి నాలుగు ఇడ్లీలు, మొత్తం ఎన్ని?" తెరమీద వచ్చిన జవాబు వంటింట్లో కూడా వస్తేనే అది నిజంగా వచ్చినట్లు.

అన్నిటికంటే ముఖ్యం, బిడ్డను యంత్రానికి అప్పగించి వెళ్లిపోకండి. మన కోసం అమ్మ కూర్చొని ఆట చేసింది, నాన్న ప్రక్కన ఉన్నాడు అన్న భావమే ఆ ఆటకు బలం.

ఈ వారం చేయవలసిన పని

1. బిడ్డతో కలిసి ఆ 21 లెక్కలను రాసి, వచ్చినవాటిని కొట్టివేయండి. ఎన్ని మిగిలాయి?

2. తప్పు జవాబుకు మీ ఆట చెప్పవలసిన మూడు మంచి మాటలను కుటుంబమంతా కలిసి ఎన్నుకోండి.

3. స్క్రాచ్‌లో మొదటి అయిదు మెట్లు పూర్తిచేయండి. మిగిలినది వచ్చే వారం.

కుటుంబంలో కలిసి ఆలోచించుటకు

మన ఇంట్లో బిడ్డ తప్పు చెప్పినప్పుడు మొదట వచ్చే మాట ఏది? ఆ మాటను ఆటలో పెట్టుటకు మనం ఇష్టపడతామా? ఇష్టపడనిచో ఇంట్లో మాత్రం ఎందుకు వాడుతున్నాము?